ఆది జాకెట్టు

జగ్గయ్యపేట,
శ్రావణం మొదటి వారం

చిరంజీవి సంయుక్తకి,

పిన్ని రోజారమణి ఆశీస్సులు. సంచీలో నేను కుట్టిన మీ వీధి వాళ్ళ జాకెట్లున్నాయి. అడుగున పాత చీరముక్కలో చుట్టింది నీకు. పరిమళ టీచరు ఇక్కడి బడి నుంచి మీ ఊరు వచ్చి సంచీ ఇవ్వగానే మీ అమ్మ కంటే ముందు నువ్వే విప్పాలని పైన నీ పేరు రాశా.

ఫోనుండగా ఈ కాగితం ఏంటనుకుంటావు. షాపులో ఫోనెత్తితే కొలతలకొచ్చిన వాళ్ళంతా చెవులప్పగిస్తారు. నీ ఫోను మోగితే నీకంటే ముందు మీ అమ్మ ఎత్తుతుంది. ఈ సంగతి మా అక్కకి తెలియకూడదు. అదీ కారణం.

నాకు ఎడమ రొమ్ములో గడ్డ ఉంది. సూదితో తీసిన ముక్క రిపోర్టు నిన్న వచ్చింది. క్యాన్సరే. నోటితో అనడం కంటే రాయడమే తేలిగ్గా ఉంది.

ఎప్పుడు చూసుకున్నావని అడుగుతావు, ల్యాబ్‌లో కూర్చుని అందర్నీ అడిగినట్టు. ఉగాదికి కుట్టుకున్న జాకెట్టు ఎడమ పక్క పట్టేసింది. కత్తిరింపులో పొరపాటనుకుని కుట్టు విప్పి అర అంగుళం వదిలా. చేతికి తగిలింది ఆ తర్వాత. ముందు పెళ్ళిళ్ళ పనన్నా, తర్వాత స్కూలు యూనిఫారాలన్నా, శ్రావణం వెళ్ళనిమ్మన్నా. మీ బాబాయి వినలేదు.

మీ అమ్మమ్మకి వచ్చింది ఇదే. నువ్వు పుట్టకముందు సంగతి. ఆసుపత్రికి వెళ్ళిన వారంలోనే మొత్తం తీసేశారు, చంకలో ఉన్న గ్రంథులన్నీ ఊడ్చేశారు. చెయ్యి వాచిపోయి మళ్ళీ మిషను ముందు కూర్చోలేదు. పోయేదాకా అన్నం కలిపి పెట్టింది అక్కే. మళ్ళీ అవన్నీ దాని కళ్ళపడకూడదు.

చుట్టలో తెల్లచుక్కల నీలం జాకెట్టుంది. అది నా ఆది. దాన్ని పరుచుకునే నా జాకెట్లన్నీ కత్తిరించుకుంటా. ఇక నాకు ఆ కొలత ఉండదు. పారెయ్యడానికి చెయ్యి రాలేదు. గ్యాసు పొయ్యి తుడవడానికి వాడెయ్యి.

గురువారం విజయవాడ రమ్మన్నారు. మీ బాబాయికి సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టుంది. నువ్వు తోడొస్తావా?

మీ పిన్ని

*

నందిగామ,
ఆగస్టు, మంగళవారం

పిన్నీ,

బాత్‌రూములో పంపు తిప్పి పెట్టి నీ ఉత్తరం చదివా. నీళ్ళు పోతున్నాయని అమ్మ తలుపు కొట్టింది. మొహం కడుక్కుని బయటికొచ్చా. "ఎందుకే కళ్ళు అట్లా ఉన్నాయి" అంటే షాంపూ అన్నా. నమ్మింది. మీ అక్క భారతీదేవిగారు షాంపూ గురించి ఎవరేం చెప్పినా నమ్ముతుంది.

నిన్ను తిట్టడానికి ఒక్క పేరా ఇవ్వు. అర అంగుళం వదిలావా? ఊళ్ళో ఆడవాళ్ళ ఒంట్లో గుండుసూది మందం తేడా వస్తే "ఏమ్మా, థైరాయిడ్ చూపించుకున్నావా" అని నిలదీసే మనిషివి. నీకు మాత్రం కుట్టు విప్పుకున్నావు. తిట్టడం అయిపోయింది.

వస్తా. నువ్వు కిటికీ పక్కన కూర్చుని రెండో సీట్లో సంచీ పెట్టు, నేను నందిగామలో ఎక్కుతా. అమ్మకి ఇంటర్వ్యూ అని చెప్పా. నేను ఈ ల్యాబ్‌లో పరాయివాళ్ళ రిపోర్టులు కవర్లలో పెట్టడం మానేసి ఎక్కడికో వెళ్ళిపోవాలని చూస్తున్న సంగతి తనకి తెలుసు. "ఏ కంపెనీ" అని కూడా అడగలేదు, పెరుగన్నం కట్టిస్తానంది.

నీ ఆదితో పొయ్యి తుడవలేదు. బీరువాలో నా డిగ్రీ సర్టిఫికెట్ల ఫైలు కింద పెట్టా. ఆ ఫైలుని ఈ ఇంట్లో ఎవరూ ముట్టుకోరు, నాతో సహా.

సంయుక్త

*

జగ్గయ్యపేట,
శ్రావణ బహుళం

సంయుక్తకి,

తిరుగు బస్సులో నోరు విప్పలేదని నీకు కోపమొచ్చింది. కీసర టోల్‌గేటు దగ్గర కొనిచ్చిన జామకాయ కూడా అట్లాగే ఇంటికి తెచ్చా. మీ బాబాయి తిన్నాడు.

ఆ గదిలో ఎంతమందున్నారో చూశావుగా. కోసే డాక్టరమ్మ, మందులెక్కించే ఆయన, రేడియేషన్ కరెంటు పెట్టే ఆవిడ, స్కాన్లు చూసే అతను, ముక్కని పరీక్ష చేసిన ఇంకో ఆవిడ. నా స్కాన్ల సినిమాలన్నీ గోడ మీద వేసుకుని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటున్నారు. ఒక్కళ్ళతో అయ్యే పనికి అంతమంది ఎందుకు కూర్చుంటారే? వత్సవాయిలో మా చిన్నాన్న కూతురి కాపురం విషయంలో పెద్దమనుషులు ఎప్పుడు కూర్చున్నారు? అంతా అయిపోయాక. మంచం ఎవరికి, బీరువా ఎవరికి అని తేల్చడానికి.

అమ్మని ఒక్క డాక్టరే చూశాడు. చూసిన వెంటనే కోశాడు. నన్ను ఇప్పుడే కొయ్యరట, నెలల తరబడి మందులెక్కిస్తారట. కొయ్యడానికి వీల్లేనప్పుడేగా అట్లా చెప్పేది. పైగా గడ్డలోకి సన్నటి లోహపు ముక్క దూరుస్తారట. ఉన్నది తియ్యకపోగా ఇంకోటి పెట్టి పంపుతారా?

నేను చిన్నపిల్లని కాను, అర్థమైంది. సోమవారం మందు మొదలెడతామన్నారుగా, నేను రాను. ఒప్పుకున్న జాకెట్లు కుట్టి ఎవరివి వాళ్ళకి ఇచ్చేస్తా. నువ్వు బెంగపెట్టుకోకు. అన్నం తిను.

పిన్ని

*

నందిగామ,
ఆగస్టు, శనివారం

పిన్నీ,

నిన్న ల్యాబ్‌కి సెలవు పెట్టి మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళా. ఆ గది బయట పేర్లు పిలుస్తూ, ఎవరి ఫైలు ఎవరి చేతికెళ్ళాలో చూసే నర్సు ఉంది చూడు, ఆరోగ్యమ్మగారు, ఆవిడకి నీ పంచాయితీ సంగతి చెప్పా. నవ్వుతుందనుకున్నా, నవ్వలేదు.

"చాలామంది అదే అనుకుంటారమ్మా," అంది. "మీ పిన్నిగారికొక్కరికే కాదు, ఇక్కడికొచ్చే ప్రతి ఒక్కళ్ళకీ కూర్చుంటారు. ఆవిడకి ముందు పిలిచిన అమ్మాయిది శనగగింజంత. ఆ అమ్మాయికీ అంతమందే కూర్చున్నారు."

తర్వాత డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. అమ్మమ్మ రోజుల్లో గడ్డ ఏ రకమో చూసే పరీక్షలు మనలాంటి వాళ్ళ దాకా రాలేదట. ఏ గడ్డకైనా ఒకటే కత్తి. నీ ముక్కలో కణాల మీద ఒక ప్రోటీను మామూలు కంటే బాగా ఎక్కువుందట. ఒకప్పుడు ఆ రకమంటే డాక్టర్లే భయపడేవాళ్ళట. ఇప్పుడు సరిగ్గా దాన్ని పట్టుకునే ఇంజెక్షనుంది. కీమోతో పాటు ముందే ఇస్తే గడ్డ తగ్గుతోందో లేదో కళ్ళతో చూడొచ్చు. బాగా తగ్గితే రొమ్మంతా తియ్యకుండా ఆ చోటు వరకే తియ్యొచ్చు. చంకలో కూడా మొదటి ఒకటి రెండు గ్రంథులు తీసి చూస్తారు, అవి బాగుంటే మిగతావాటి జోలికి వెళ్ళరు. చెయ్యి వాచే భయం చాలా తగ్గుతుంది. ముందే కోసేస్తే మందు పనిచేసిందా లేదా అని చూడ్డానికి ఏం మిగలదు.

"తప్పకుండా నయమవుతుందా" అని అడిగా. "తప్పకుండా అనే మాట నేను వాడను," అంది. "మీ పిన్నిగారికి మంచి అవకాశం ఉంది. మధ్యలో మానేస్తే ఆ మాట కూడా అనలేను."

మగ్గం వర్కుకని ముందే కత్తిరించేసిన పట్టుగుడ్డ తెచ్చిన ఆవిడ్ని నువ్వు షాపు మెట్ల మీద నిలబెట్టి కడిగేశావు, గుర్తుందా? "ముందు గీత, తర్వాత వర్కు, ఆఖర్న కత్తెర. కత్తిరించి తెస్తే మగ్గం దేనికి బిగించమంటావ్" అన్నావు. వీళ్ళు చెప్పేదీ అదే వరుస. గీత గీసేవాళ్ళు, వర్కు చేసేవాళ్ళు, కత్తెర వేసేవాళ్ళు కత్తిరించకముందే ఒకచోట కూర్చున్నారు. ఆ లోహపు ముక్క అంటావా, సుద్దగీత చెరిగిపోతుందని నువ్వు రంగుదారంతో గుర్తు కుట్టుకుంటావే, అది. గడ్డ కరిగిపోతే ఎక్కడుండేదో తెలియాలి కదా.

సోమవారం నేను నందిగామలో ఎక్కను. మొదటి బస్సుకే జగ్గయ్యపేట వచ్చి షాపు ముందు కూర్చుంటా. నువ్వు బయల్దేరకపోతే వచ్చినవాళ్ళందరి కొలతలూ నేనే తీసుకుంటా. నా చేతిపని సంగతి నీకు తెలుసు. ఆ తర్వాత నీ షాపు, నీ పరువు, నీ ఇష్టం.

సంయుక్త

*

జగ్గయ్యపేట,
ఆశ్వయుజం

అమ్ములూ,

వారం వారం మందులెక్కుతున్నాయి. నువ్వు ఇక రావద్దన్నానని అలగకు. ప్రతి సోమవారం ఇంటర్వ్యూ అంటే మీ అమ్మకి అనుమానం రాదా? మీ బాబాయి సోమవారాలు షిఫ్టు మార్పించుకున్నాడు. నాకు సెలైనెక్కుతుంటే పక్కన కూర్చుని గురక పెడుతున్నాడు. నర్సులు ఆయన్నే లేపి "ఎలా ఉందండీ" అనడుగుతున్నారు.

జుట్టు ఊడటం మొదలవగానే గుండు గీయించుకున్నా. ఊళ్ళో ఏం చెప్పాలా అని నేను ఆలోచిస్తుంటే మీ బాబాయి "తిరుపతి వెళ్ళొచ్చామందాం" అన్నాడు. నా ఒక్కదానికే గుండయితే నమ్మరని తనూ గీయించుకొచ్చాడు. నిజంగానే నమ్మారు. ఇప్పుడు అందరూ లడ్డూ అడుగుతున్నారు.

గడ్డ నిమ్మకాయంత ఉండేది, ఉసిరికాయంత అయింది. గుండె పరీక్ష కూడా చేశారు, ఈ ఇంజెక్షను వేసేవాళ్ళకి చేస్తారట. బాగుందన్నారు. నోరు చేదుగా ఉంటోంది, అంతే. పని బాగానే సాగుతోంది.

దసరా జాకెట్లు పంపిస్తున్నా. ఇంకేం విశేషాలు లేవు.

పిన్ని

*

నందిగామ,
అక్టోబరు నెలాఖరు

పిన్నీ,

"ఇంకేం విశేషాలు లేవు" అని నువ్వు రాశావు. మా వీధి నీహారికగారి జాకెట్టు వేరేగా చెబుతోంది.

నువ్వు కుట్టిన హుక్కుకి ముడి ఎక్కడుందో వెతుక్కోవాలి. ఇందులో ముడులు సిమెంటు బస్తా మూతికి కట్టినట్టున్నాయి. ఒక హుక్కు తూర్పు చూస్తుంటే ఇంకోటి పడమర చూస్తోంది. నీహారికగారు అద్దం ముందు నిలబడి "మీ పిన్ని మనిషిని పెట్టుకుందా?" అనడిగారు. "పండగ తొందరండీ" అన్నా. ఆవిడ వెళ్ళాక నీ ఉత్తరం మళ్ళీ తీశా. నీ అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని అమ్మ నన్ను చిన్నప్పుడు నీతో పోల్చి తిట్టేది. ఈసారి ఒక్కో అక్షరం రేగిపండంత ఉంది, అదీ గీత దాటి.

నీ చేతులకేమైంది? లడ్డూ కథ చెప్పి తప్పించుకోకు. అది బాగుంది, రెండుసార్లు చదివి నవ్వుకున్నా. ఇప్పుడు అసలు సంగతి రాయి.

సంయుక్త

*

జగ్గయ్యపేట,
కార్తీకం

సంయుక్తకి,

నీలాంటి అక్క కూతురు మా అత్తగారికి ఉండాల్సింది, నాకొచ్చింది.

ఆ మనిషి మీ బాబాయే. ఫ్యాక్టరీ నుంచి వచ్చి, టీ తాగి, కళ్ళజోడు పెట్టుకుని హుక్సు కుడుతున్నాడు. బాగాలేవంటే "పట్టుకుంటున్నాయా లేదా" అంటాడు.

నాకు వేళ్ళ కొసలు మొద్దుబారాయి. చీరకీ తువ్వాలుకీ తేడా తెలియట్లేదు. మొన్న పసుపు జాకెట్టు కుడుతుంటే దాని మీద ఎర్రచుక్క కనపడింది. ఎక్కణ్ణుంచి వచ్చిందా అని చూస్తే నా వేలిది. సూది దిగినా తెలియలేదే నాకు. ఆ గుడ్డ ఉతికి ఆరేశా.

ఆసుపత్రిలో అడిగితే బాగానే ఉందన్నా. చెబితే మందు తగ్గిస్తారు, తగ్గిస్తే గడ్డ మళ్ళీ పెరుగుతుందని భయం.

ఇప్పుడా భయం కూడా లేదు. ఎంత వెతికినా గడ్డ చేతికి తగలడం లేదు. డాక్టరమ్మకీ తగల్లేదట. అందుకని ఇక్కడితో ఆపేద్దామనుకుంటున్నా. మందు దాని పని అది చేసింది. ఇంకా ఎక్కిస్తే ఉన్న వేళ్ళు కూడా పోతాయి. వేళ్ళు లేకపోతే నేనెవర్ని? ఆపరేషన్ కూడా ఎందుకు, లేనిదాన్ని ఏం తీస్తారు?

మీ బాబాయి నా మాట కాదనడు. నువ్వు కూడా అనకు.

పిన్ని

*

నందిగామ,
నవంబరు

పిన్నీ,

అంటా. వరసగా చాలా అంటా. ముందు ఒక మాట తప్పానని చెప్పి, తర్వాత మొదలుపెడతా.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు ఆరోగ్యమ్మగారికి ఫోన్ చేశా. "బాగానే ఉందమ్మా అని ఎంత నవ్వుతూ చెప్పేదో" అని బాధపడింది. మందులెక్కించే డాక్టరుగారితో చెప్పి, కాసేపటికి తనే ఫోన్ చేసింది. వేళ్ళు మొద్దుబారడం కీమో వల్ల. దాని మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో వాళ్ళకి మామూలేనట. మొదటిసారి జివ్వుమన్నప్పుడే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదన్నారు. ప్రోటీను మీద పనిచేసే ఇంజెక్షను వేరు, అది ఆగదు. చాలామందికి నెమ్మదిగా స్పర్శ తిరిగొస్తుందట, కొందరికి కొంత మిగిలిపోతుందట. నీకెంత అన్నది ముందే చెప్పలేమన్నారు. నేనూ అబద్ధం చెప్పను. వేళ్ళకి వ్యాయామం నేర్పే ఆవిడ ఉంది, సోమవారం ఆవిడ కూడా చూస్తుంది. చూశావా, నీ పంచాయితీలోకి ఇంకో పెద్దమనిషి.

గడ్డ తగలట్లేదన్నావు. నువ్వు చెప్పేది ఏ వేళ్ళతో? సూది దిగినా తెలియని వేళ్ళతో. సరే, డాక్టరమ్మకీ తగల్లేదు, స్కానులోనూ కనపడకపోవచ్చు. అయినా స్కానుకి కూడా కనపడనంత చిన్నవి మిగిలుండొచ్చు. ఆ గుర్తు పెట్టిన చోటు తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తేనే మిగిలాయో లేదో తెలిసేది. మిగిలితే దానికి వేరే మందుందట. నువ్వు గుర్తుదారం కుట్టించుకుని, వర్కంతా చేయించుకుని, ఆఖర్న గుడ్డని మగ్గం మీదే వదిలేసి వెళ్ళిపోతానంటున్నావు.

ఇప్పుడు మాట తప్పిన సంగతి. అమ్మకి తెలిసింది.

నేనుగా చెప్పలేదు. ఈ మధ్య ఒక ఉద్యోగానికి దరఖాస్తు పెడుతూ సర్టిఫికెట్ల ఫైలు తీసి బీరువా తెరిచే ఉంచా. అమ్మ బట్టలు సర్దడానికొచ్చింది. నీలం జాకెట్టు తీసి, తిప్పి చూసి, "ఇది రోజా ఆది," అంది. "ఇది ఇక్కడెందుకుంది?" నా దగ్గర షాంపూ లాంటిదేదీ సిద్ధంగా లేదు. "అది దాని ఆది ఎవరికీ ఇవ్వదు. నాకే ఇచ్చేది కాదు, కొలతలు రాసుకోమనేది. ఎప్పట్నుంచి దానికి?" అంది. ఏం జబ్బని అడగలేదు. ఎప్పట్నుంచి అని మాత్రమే అడిగింది. మంచం మీద కూర్చుని ఆ జాకెట్టు మడతపెట్టింది, మళ్ళీ విప్పింది, మళ్ళీ మడతపెట్టింది.

"నువ్వు ఏడుస్తావని పిన్ని చెప్పలేదమ్మా" అన్నా.

"ఏడుస్తా. ఏడిస్తే ఏం? ఏడుస్తూ వంట చెయ్యలేనా?" అంది.

చేసింది కూడా. ఆదివారం కారియర్ తీసుకుని వస్తోంది. నిన్ను తిట్టడానికి బస్సులో వరస పెట్టుకుంటానంది, నువ్వు సిద్ధంగా ఉండు.

ఇంకొకటి. అమ్మమ్మకీ, నీకూ వచ్చింది కాబట్టి అక్కచెల్లెళ్ళుంటే చూపించుకోవాలని మొదట్లోనే నీకు చెప్పారట. "అక్క ఉంది, చెబుతా" అన్నావట. ఆ మాట నాక్కూడా చెప్పకుండా మింగేశావు. ఆరోగ్యమ్మగారు చెప్పినప్పుడు నిజంగా కోపమొచ్చింది. అమ్మని కాపాడుతున్నాననుకుని అమ్మనే చీకట్లో పెట్టావు. మొన్న అమ్మని నేనే తీసుకెళ్ళి మామోగ్రాం ఫొటో తీయించా. ఏమీ లేదు, ఏటా తీయించుకోమన్నారు. కాబట్టి ఇప్పుడు కోపం తగ్గింది. కొంచెం.

సోమవారం నువ్వు, బాబాయి, అమ్మ, నేను. బాబాయి గురకకి ఇద్దరు సాక్షులు.

సంయుక్త

*

జగ్గయ్యపేట,
ఫాల్గుణం

అమ్ములూ,

రేడియేషన్ కూడా అయిపోయింది. ఆపరేషన్ నాడు ఉత్తరం రాయలేదని సాధించావు. రాసేదేముంది, మీరంతా అక్కడే ఉన్నారుగా. మీ అమ్మ ఆసుపత్రి వరండాలో ఉన్న వాళ్ళందరికీ పులిహోర పెట్టిందని ఆరోగ్యమ్మగారు ఇప్పటికీ చెప్తోంది.

తీసిన ముక్కలో ఒక్క కణం కూడా కనపడలేదని డాక్టరమ్మ చెప్పినప్పుడు నువ్వు గబగబా కిటికీ దగ్గరికెళ్ళి నిలబడ్డావు. నేను చూడలేదనుకున్నావు. చూశా. ఆవిడ మాత్రం ఎప్పటిలాగే, "మంచి వార్తే, కానీ ఇంజెక్షన్లు ఏడాది పూర్తి చెయ్యాలి, చెకప్‌లకి రావాలి" అంది. వెళ్తా. ఈసారి శ్రావణం అడ్డుపెట్టను.

అక్క ఇక్కడున్న నెలరోజులూ బియ్యంలో బఠాణీలు కలిపి నా ముందు పెట్టేది, కళ్ళు మూసుకుని ఏరమనేది. వేళ్ళకి మంచిదని ఆ వ్యాయామం ఆవిడ చెప్పింది కదా. నేను ఏరుతుంటే ఎదురుగా కూర్చుని అమ్మ గురించి చెప్పేది. ఇన్నేళ్ళలో మేమిద్దరం అమ్మ గురించి అంతసేపు మాట్లాడుకోలేదు. ఏడ్చిందా అంటే ఏడ్చింది. నేనూ ఏడ్చా. కుక్కర్ విజిలు లెక్క తప్పి అన్నం మెత్తబడింది, అంతకు మించి నష్టమేం జరగలేదు.

చెయ్యి వాచలేదు. పై అరలో ఉన్న దారపు ఉండలు నేనే అందుకుంటున్నా. కుడిచేతి వేళ్ళకి చాలావరకు తెలివొచ్చింది. ఎడమచేతిలో రెండు వేళ్ళు ఇంకా బద్ధకంగానే ఉన్నాయి. నిన్న పట్టుకీ నూలుకీ తేడా కళ్ళు మూసుకుని చెప్పా. మీ బాబాయి పరీక్ష పెట్టాడు. మధ్యలో తన లుంగీ కూడా ఇచ్చాడు, అదీ కనిపెట్టా.

నువ్వు దరఖాస్తు పెట్టిన ఆ హైదరాబాద్ ఉద్యోగం వస్తే వెళ్ళు. నా కోసం ఆగానని ఎప్పుడూ అనుకోకు, నన్ననుకోనివ్వకు. ఉత్తరాలు మాత్రం రాయి. ఫోనులో నువ్వు ఇంత బాగా తిట్టవు.

అసలు సంగతికొస్తా. పరిమళ టీచరు రేపు వస్తుంది. నా ఆది ఇచ్చి పంపు.

కరెంటు పెట్టినచోట చర్మం ఇంకా చురుక్కుమంటోంది కాబట్టి ఉగాదికి మెత్తటి నూలుగుడ్డ తీసుకున్నా. టేపు పెట్టి చూసుకున్నా. ఎడమ పక్క డాట్, ఆ రొమ్ము కింది మడత, పావు అంగుళం లోపలికి తియ్యాలి. మిగతాదంతా పాత కొలతే.

హుక్సు నేనే కుడతా. మీ బాబాయి సూదిలో దారం ఎక్కించి ఇస్తాడు, అంతవరకే.

మీ పిన్ని